అద్దె పుస్తకంలో మా నాన్న

మా నాన్న ఎవరినీ ఒక పట్టాన నమ్మేవారు కాదు. పాలాయన పాలు పోసి వెళ్లగానే ఒక చుక్క గోటి మీద వేసుకుని అది జారే తీరు చూసేవారు. గ్యాసు సిలిండరు వస్తే రెండు చేతులా ఎత్తి బరువు అంచనా వేసేవారు. ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడారంటే ఆయనకు ఇంకా గుబులు. వాళ్లు గేటు దాటేదాకా ఆగి, వీధి తలుపు గడియ పెట్టి, "ఇందులో ఏదో ఉంది" అనేవారు. ఊరికి వెళ్లేటప్పుడు బీరువా పిడికి సన్నటి నల్ల దారం కట్టేవారు. తిరిగి రాగానే, మేమింకా సామాను దించుకుంటూ ఉండగానే, లోపలికి వెళ్లి ఆ దారం చూసుకునేవారు. అది ఒక్కసారి కూడా తెగి లేదు. అయినా కట్టడం మానలేదు.

ఆయన ఉప్పల్ దారిలో ఉన్న ఒక కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిచేసేవారు. భూమి కదలికలను కాగితం మీద గీసే యంత్రాలు వాళ్ల సెక్షన్‌లో ఉండేవి. డ్రమ్ముకు కాగితం చుట్టి ఉంటుంది, అది నెమ్మదిగా తిరుగుతూ ఉంటే సూది గీత గీసుకుంటూ పోతుంది. ఆ గీత వణికితే, వణికింది భూమా, రోడ్డు మీద పోయే లారీయా అని తేల్చడం వాళ్ల పని. "మీ నాన్నకు ఆ ఉద్యోగం వల్ల అనుమానం వచ్చిందో, అనుమానం చూసే ఆ ఉద్యోగం ఇచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు" అనేది అమ్మ.

మాది తెనాలి వైపు. నాన్న ఉద్యోగం కోసం వచ్చి నాచారంలో ఇల్లు కట్టుకున్నాం. మాకు రెండిళ్ల అవతల వరంగల్ అంకుల్ ఉండేవారు. ఆయనా నాన్నా ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చునేవారు. అంకుల్‌కు స్కూటర్ ఉండేది. పొద్దున్నే మా గేటు దగ్గర ఆపి, "బావా, టైమైతుంది, దా" అని కేకేసేవారు. మొదట్లో ఆ పిలుపు విని నాన్న, "నేను ఇతనికి ఏ వరసన బావనయ్యాను? ఇందులో ఏదో ఉంది" అన్నారట. కొన్నాళ్లకు ఆ పిలుపు వినకపోతే ఆయనకు తోచేది కాదు. నాకు తెలిసి నాన్న అనుమానించకుండా వదిలేసిన మనిషి ఆయనొక్కరే.

అంకుల్ తత్త్వం వేరు. గలగలా మాట్లాడేవారు, ప్రతి సంగతినీ కథలా చెప్పేవారు. తన మీద తనే నవ్వుకునేవారు. మా అమ్మ చేసిన గోంగూర పచ్చడి గిన్నెతో సహా పట్టుకుపోయేవారు.

ఎనభైల చివరి రోజులవి. నేను ఇంటర్ చదువుతున్నాను. నాచారంలో పిండిమర పక్కన ఒక అక్క అద్దె పుస్తకాల షాపు నడిపేది. భర్త మల్లాపూర్‌లో ఏదో వర్క్‌షాపులో పనిచేసేవాడు. అక్క పుస్తకాల మీద ఎంత మమకారం చూపించేదో, వాటిని ఆలస్యంగా తెచ్చేవాళ్ల మీద అంత నోరు చేసుకునేది. ఆ షాపులో ఎక్కువ తిరిగేవి ఒక మంత్రాల రచయిత పుస్తకాలు. వారపత్రికలో ఆయన సీరియల్ వస్తుందంటే ఇంటికి పత్రిక రాగానే లాక్కునేవాళ్లం. రెక్కల గుర్రాలు, మాట్లాడే కొండలు, సముద్రం అడుగున కోటలు. నేను ఆయన రాసినవన్నీ చదివేశాననుకున్నాను. ఒకరోజు అక్క వెనక అర నుంచి దుమ్ము పట్టిన పుస్తకం ఒకటి తీసి నా ముందు పడేసింది.

"ఇది గూడ గా మంత్రాలాయిన రాసిందే. గని ఇండ్ల మంత్రాల్లేవు. అన్నిట్ల ముందుగాల రాసిండంట. సైన్సంట, నవ్వులంట. ఒక్కలు గూడ తీస్కపోరు. నువ్వు సదివి ఎట్లుందో జెప్పు."

అట్ట లేదు. మొదటి పేజీలూ లేవు, చివరి పేజీలూ లేవు. అద్దె పుస్తకాలకు అది మామూలే కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఇంటికి తెచ్చి చదవడం మొదలుపెట్టాక నవ్వు ఆపుకోలేకపోయాను. వేరే లోకం నుంచి ఒక గుండ్రటి ఓడ వచ్చి ఊరి చివర చెరువులో దిగుతుంది. అందులో వచ్చినవాళ్లు అచ్చం మన గుమాస్తాల్లా ఉంటారు. చేతుల్లో ముద్రలు వేసిన కాగితాలు పట్టుకుని, "భూమికి ఇన్‌చార్జి ఆఫీసరు ఎవరండీ?" అని ఒక్కో ఆఫీసూ తిరుగుతారు. ప్రతి ఆఫీసులోనూ ఇది మా పరిధి కాదు, పక్క ఆఫీసుకు వెళ్లండి అంటారు. వాళ్ల ఓడ దిగిన సంగతి ముందే కనిపెట్టాల్సినవాడు ఒక శాస్త్రవేత్త. ఆయన దగ్గర ఒక యంత్రం, దానికొక సూది. ఓడ దిగినప్పుడు సూది గంతులేస్తుంది. అప్పుడే వీధిలో పెళ్లి బ్యాండు పోతుంటుంది. బ్యాండు వల్లే వణికిందనుకుని ఆయన ఆ గీతను కొట్టేస్తాడు. ఆ మర్నాడు బ్యాండు మోతకు వణికినప్పుడేమో భూకంపం వస్తుందని పై ఆఫీసరుకు రిపోర్టు చేస్తాడు.

అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ, "ఏమిటే అంత నవ్వు? నాకూ చదివి వినిపించు" అంది. నేను చదువుతూ పోయాను. ఓడవాళ్లు శాస్త్రవేత్త ఇంటికి వస్తారు. వంగి వంగి దండాలు పెడతారు. ఆయన తలుపు సగమే తెరిచి, "రేషన్ కార్డు ఉందా?" అని అడుగుతాడు. వాళ్లు వెళ్లిపోయాక గడియ పెట్టి, భార్యతో, "మరీ మర్యాదగా మాట్లాడారు. ఇందులో ఏదో ఉంది" అంటాడు. ఆ తర్వాత లేచి వెళ్లి బీరువా పిడికి దారం కడతాడు.

అమ్మ నవ్వు ఆగిపోయింది. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది.

"ఇదేమిటే... ఇది మీ నాన్న కదా."

నాకూ అప్పటికే ఆ ఊహ తట్టింది, కానీ పైకి అనలేకపోయాను. ఇద్దరం కాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకుని మళ్లీ నవ్వాం. ఈసారి గొంతు తగ్గించి. పుస్తకాన్ని అమ్మ ఉతికిన దుప్పట్ల కింద పెట్టింది.

అనుమానం ఉన్న మనిషి ఇంట్లో ఏదైనా దాచడం కంటే తెలివితక్కువ పని ఉండదు. ఆయన గదిలోకి రాగానే మేము మాట ఆపేస్తున్నామని నాన్న రెండు రోజుల్లోనే పసిగట్టారు. ఆదివారం మధ్యాహ్నం నేను కాలేజీ స్నేహితురాలి ఇంటి నుంచి వచ్చేసరికి ఆయన వరండాలో కుర్చీ వేసుకుని ఆ పుస్తకం చదువుతున్నారు. సగం దాకా వచ్చినట్టున్నారు. అక్కడ వేలు పెట్టి పుస్తకం మూశారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"ఈ దారం సంగతి మనింట్లో ముగ్గురికి తప్ప ఎవరికి తెలుసు?" అని అమ్మను అడిగారు.

"నాకేం తెలుసండీ? నేను ఎవరితో చెప్తాను?"

"నువ్వు చెప్పలేదు. నేను చెప్పాను. ఒక్కడికే చెప్పాను."

ఆ ఒక్కరు ఎవరో అమ్మకూ నాకూ తెలుసు. పైగా ఆ రచయిత గురించి మాట వచ్చినప్పుడల్లా అంకుల్ గొప్పగా చెప్పుకునేవారు: "అరే, ఆయిన మా దిక్కుటోడే. మా మేనత్తోళ్ల ఊరు." నాన్నకు ఇంకేం కావాలి?

"ఊరికే కబుర్లు చెప్పుకునే చోట నా గురించి చెప్పి ఉంటాడు. ఆ రచయిత రాసుకున్నాడు. ఊరూరా నన్ను చూసి నవ్వుకున్నారు" అన్నారు నాన్న. ఆ పుస్తకాన్ని ఒక్కరు కూడా తీసుకుపోరని అక్క చెప్పిన సంగతి నేను చెప్పాను. ఆయన వినిపించుకోలేదు.

మర్నాడు పొద్దున స్కూటర్ హారన్ మోగింది. "బావా!" అని కేక. నాన్న వంటింటి తలుపు దగ్గర నిలబడి, తను ముందే వెళ్లిపోయానని చెప్పమని నాకు సైగ చేశారు. నేను గేటు దగ్గరికి వెళ్లి అలాగే చెప్పాను. అంకుల్ నా భుజం మీదుగా లోపలికి చూశారు. వరండాలో నాన్న టిఫిన్ డబ్బా, సంచీ కనిపిస్తూనే ఉన్నాయి. స్కూటర్ తిప్పుకుని వెళ్లిపోయారు. కాసేపాగి నాన్న వెనక సందులోంచి బస్సుకు నడిచారు.

అది మొదలు రోజూ అంతే. మూడో నాటికి హారన్ కూడా మోగలేదు. ఆఫీసులో ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ మాట్లాడుకోవడం లేదని నాన్న మాటల్లో తెలిసేది. ఒక సాయంత్రం భోంచేస్తూ, "ఇవాళ నన్ను సార్ అని పిలిచాడు" అన్నారు. "తప్పు చేసినవాడికి కాకపోతే అంత మర్యాద ఎందుకు?"

నాకు అంకుల్ మీద జాలేసింది. ఒకరోజు కాలేజీ నుంచి వస్తుంటే ఆయన మా వీధి మొదట్లో స్కూటర్ ఆపి నిలబడి ఉన్నారు.

"ఏమైంది బిడ్డా మీ నాయినకు? నేనేమన్న అన్ననా?"

"తెలీదు అంకుల్."

ఆయన మామూలుగా అడిగినట్టే, "మీ నాయిన కథలు గిట్ల రాస్తడా? రచయితలతోని ఏమన్న దోస్తాన ఉన్నదా?" అన్నారు.

"నాన్నా? నాన్న ఉత్తరాలే రాయరు" అన్నాను. ఆయన తలాడించారు కానీ ఆ సమాధానం నమ్మినట్టు లేరు. ఇంటికి వచ్చేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అంకుల్ అలా ఎందుకు అడిగారు? పుస్తకం సంగతి తెలియకపోతే రచయితల ఊసు ఎందుకు వస్తుంది?

ఆ అనుమానం మరో రెండు రోజుల్లో ముదిరింది. పిండిమర మీదుగా పోతుంటే షాపు అక్క నన్ను పట్టుకుంది.

"ఏందమ్మా, బుక్కు తెస్తవా తేవా? అది రెండు కాపీలుండె. నువ్వు పోయినంక మంచిగున్నది మీ వాడకట్టు సారు తీస్కపోయిండు, స్కూటర్ సారు. అడిగితె దొరుకుతలేదంటడు. చినిగింది నీ దగ్గర్నే ఉండె. ఇన్నేండ్లు ఎవ్వలు ముట్టని బుక్కుకు ఇప్పుడే ఏం గిరాకొచ్చింది?"

అంకుల్ ఆ పుస్తకం చదివారు. చదివి, దొరకడం లేదని అబద్ధం చెప్తున్నారు. నాన్న చెప్పిందే నిజమన్నమాట. ఇంటికి వచ్చి అమ్మకు చెబితే అమ్మ మంచం మీద కూలబడింది. "ఇన్నాళ్లూ మన గిన్నెలో పచ్చడి తిని ఇదా చేసింది?" అంది. ఆ రోజు నుంచి మేమిద్దరమూ అంకుల్ ఇంటివైపు కిటికీ సందులోంచి చూసేవాళ్లం. ఆయన ఎవరితో మాట్లాడుతున్నారు, వాళ్లింటికి ఎవరు వస్తున్నారు అని. కొత్త మనిషి ఎవరైనా గేటు తీస్తే ఆయనే ఆ రచయితేమో అనుకునేవాళ్లం. నాన్న ఒక్కరికే ఉన్న జబ్బు ఇల్లంతా పాకింది.

ముడి విప్పింది అంకుల్ భార్య. ఒక మధ్యాహ్నం కరివేపాకు కోసమని వచ్చి, అమ్మ మొహం ముడుచుకుని ఉండడం చూసి, పెరట్లోనే ఏడ్చేసింది.

"వదినా, మీరు గిట్ల మొకం తిప్పుకుంటే మేమేం గావాలె? మా ఆయిన సక్కగ తింటలేడు. ఏదో బుక్కు తెచ్చి బియ్యం డ్రమ్ముల దాసిపెట్టిండు. అండ్ల ఉన్నది నేనే అంటడు. బ్యాండు మోతకు సూది ఊగితే భూకంపమని రిపోర్టు ఇచ్చిండంట గద ఎన్కట, ఆ సంగతి అన్నయ్యకు తప్ప ఎవ్వరికి ఎర్క లేదంట. బావ నా ఇజ్జత్ తీసిండు, ఎవనికో చెప్పి బుక్కుల రాయించిండు, మళ్ల నన్నే చూసి మొకం దాసుకుంటుండు అంటడు."

అంకుల్ ఆ పుస్తకంలో తనను చూసుకున్నారు. నాన్న తనను చూసుకున్నారు. ఇద్దరూ ఎదుటివాడే చెప్పాడని కుమిలిపోతున్నారు. ఆ రిపోర్టు సంగతి మాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. నాన్న మాతో కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రం అమ్మ ఉన్నదున్నట్టు నాన్నకు చెప్పింది. ఆయన తేలికపడతారని మా ఆశ.

"చూశావా ఎంత తెలివో" అన్నారు నాన్న. "మనం నిలదీస్తామని ముందే భార్యను పంపి ఏడిపించాడు. నా సంగతులు చెప్తూ చెప్తూ తన సంగతి కూడా నోరు జారి ఉంటాడు."

అమ్మకు మొదటిసారి విసుగొచ్చింది. "అయితే రాసినాయన్నే వెళ్లి అడగండి. మీలో మీరు ఎన్నాళ్లు కొట్టుకుంటారు?"

అమ్మ కోపంలో అన్న మాటే నాన్న పట్టుకున్నారు. రచయిత రామంతాపూర్‌లో, టీవీ కేంద్రానికి దగ్గర్లో ఒక సందులో ఉంటారని ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరో చెప్పారు. ఆదివారం పొద్దున్నే నన్ను వెంటపెట్టుకుని బయల్దేరారు. ఆడపిల్ల పక్కన ఉంటే గేటు తీస్తారని ఆయన లెక్క. దారంతా పుస్తకం చేతిసంచీలో, సంచీ ఒళ్లో.

ఆ ఇంటి ముందు అంకుల్ స్కూటర్ ఉంది.

నాన్న నా వైపు తిరిగి, "చెప్పానా?" అన్నారు. దొంగ దొరికిన సంతోషం ఆయన మొహంలో లేదు. అంకుల్ వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నారు, ఒళ్లో అదే పుస్తకం. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు.

"ఓహో. మీ దోస్తు ఇంటికి వచ్చిన్రా సార్?" అన్నారు.

"నా దోస్తా? నీ మేనత్త ఊరి మనిషి కదా!"

"మేనత్త ఊరైతే? నేను ఆయిన మొకం సూసుడు ఇదే మొదలు. అది గూడ సక్కగ సూడలే. లోపటికే రానిస్తలేడు."

నిజంగానే తలుపు గొలుసు వేసి ఉంది. ఆ సందులోంచి ఒక కళ్లజోడు కనిపిస్తోంది. "ఇప్పుడు ఇద్దరయ్యారా? ఎవరు పంపారు మిమ్మల్ని?" అన్నది లోపలి గొంతు. "ఆ పుస్తకం ఎక్కడిది? మళ్లీ దాన్ని అచ్చేసి నా పరువు తీద్దామనా?"

నాన్న తన ఉద్యోగం, సంస్థ, ఊరు అన్నీ చెప్పారు. ఆయన నమ్మలేదు. అంకుల్ మేనత్త పేరు చెప్పారు. అదీ నమ్మలేదు. చివరికి కళ్లజోడు నా వైపు తిరిగింది.

"నువ్వు నా పుస్తకాలు చదువుతావా, అమ్మాయ్? అయితే చెప్పు. రెక్కల గుర్రం చివర్లో ఎందుకు ఎగరలేకపోయింది?"

"దాని రెక్క ఒకటి రాకుమారి జడలో దాచుకుంది" అన్నాను.

గొలుసు తీసిన చప్పుడైంది.

ఇంత పేరున్న మనిషి ఎంత పొట్టిగా ఉన్నారో అని నాకు ఆశ్చర్యమేసింది. లుంగీ, బనీను, చెవిలో పెన్సిలు. మమ్మల్ని కూర్చోమని తను మాత్రం తలుపు దగ్గరే నిలబడ్డారు. నాన్న కూర్చోలేదు. అడగదలుచుకున్నది అడగకుండా గోడవైపు చూస్తున్నారు. అక్కడ అద్దాల బీరువా నిండా పుస్తకాలు. రెండు పిడులనూ కలిపి ఒక తెల్ల దారం కట్టి ఉంది.

నాన్న దగ్గరికి వెళ్లి వంగి చూశారు. "ఇది ఎందుకండీ?"

"వచ్చినవాళ్లు పుస్తకాలు చంకన పెట్టుకుపోతారు. ఎవరు తీశారో తెలియాలి కదా."

"తెల్లది కడితే తెలిసిపోతుంది. విప్పి మళ్లీ కట్టేస్తారు. నల్లదైతే కంటికి ఆనదు" అన్నారు నాన్న.

రచయిత కళ్లజోడు సర్దుకుని ఆయన్ని మొదటిసారి తేరిపార చూశారు. "అది నాకు తట్టలేదు" అన్నారు.

అంకుల్ అదంతా చూస్తూ ఉన్నారు. "అయితే సార్, ఈ బుక్కుల సైంటిస్టు..."

"నేనే" అన్నారు రచయిత. "ఇంకెవరు? నాకు సైన్సు రాదు. నీళ్ల ట్యాంకుల ఆఫీసులో గుమాస్తాగా చేసేవాణ్ణి. అక్కడ నీటిమట్టం గీసే యంత్రం ఒకటి ఉండేది. దాని గీత కొంచెం కదిలినా నాకు నిద్ర పట్టేది కాదు. మా ఆవిడ నన్ను చూసి నవ్వేది. ఆవిడ నవ్వుతోంది కదా, లోకం కూడా నవ్వుతుందనుకుని రాశాను."

"మరి పెండ్లి బ్యాండు?"

"మా ఇంటి వెనక ఫంక్షన్ హాలు ఉండేది. సూది వణకాలంటే ఏదో ఒక మోత కావాలి కదయ్యా."

"గంతేనా?" అన్నారు అంకుల్. ఆయన గొంతులో ఊరట కంటే నిరాశే ఎక్కువ వినిపించింది నాకు.

నాన్న ఒక్క మాటతో వదిలిపెట్టే మనిషి కాదు. అంకుల్ చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు. ఆ కాపీకి అన్ని పేజీలూ ఉన్నాయి. మొదటి పేజీ తిప్పి అచ్చయిన సంవత్సరం చూశారు. అది వాళ్లిద్దరూ ఉద్యోగంలో చేరకముందు, మేము హైదరాబాదు ముఖం చూడకముందు. ఆయన ఆ పేజీని వెలుతురుకు పెట్టి కూడా చూశారు.

"నీ దగ్గర ఇన్నాళ్లూ ఇది ఉంది. ఈ పేజీ చూడలేదా?" అని అడిగారు.

"ఆ పేజీ ఎవడు సూస్తడు బావా?" అన్నారు అంకుల్.

బావా అన్నది ఆయన చూసుకోకుండానే నోటి నుంచి వచ్చింది. నాన్న తల వంచుకుని పేజీలు తిప్పుతూ ఉండిపోయారు.

రచయిత అప్పటికి కూర్చున్నారు. "ఇంతకీ మీరు పూర్తిగా చదివారా?" అని అడిగారు. మా కాపీకి చివర లేదని నేను చెప్పాను. బ్యాండు దగ్గరికి రాగానే ఒళ్లు మండి మూసేశానని అంకుల్ చెప్పారు. నాన్న దారం దగ్గర ఆపేశారు. "చూశారా" అన్నారు రచయిత. "ఎవరూ చివరిదాకా చదవలేదు. అందుకే గుర్రాలకు రెక్కలు తొడుక్కుంటూ బతుకుతున్నాను." ఆయన దగ్గర ఒక్క కాపీ కూడా లేదట. చివర ఏం రాశారో ఆయనకే సరిగ్గా గుర్తులేదు.

"నేను సదువుతా" అని అంకుల్ పుస్తకం తీసుకున్నారు.

ఆ చదవడం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. కోస్తా మాటలతో రాసిన సంభాషణలన్నీ ఆయన నోట్లో వరంగల్ యాసలోకి తిరిగిపోతున్నాయి. ఓడవాళ్లు చివరికి అన్ని ఆఫీసుల సంతకాలూ సంపాదిస్తారు. చెరువు తమకు రాసిచ్చినట్టు కాగితం. శాస్త్రవేత్త సంతకం ఒక్కటే మిగిలి ఉంటుంది. ఆయన కాగితం వెనక్కి తిప్పుతాడు. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో, చెరువుతో పాటు దాని పైనున్న ఆకాశం కూడా మాదే అని ఉంటుంది. ఇన్ని లోకాలు తిరిగినా కాగితం వెనక్కి తిప్పిన మనిషిని చూడలేదని వాళ్లు సిగ్గుపడతారు. మాతో వచ్చేయండి, మాకు ఇలాంటి మనిషే కావాలి అని బతిమాలతారు. ఆయన ఆలోచించి, "మళ్లీ తీసుకొచ్చి దింపుతారని హామీ ఎవరు?" అని అడుగుతాడు.

అక్కడ నాన్న నవ్వారు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కుర్చీ కదిలింది, ఆపైన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "సరిగ్గా అదే అడగాలి! నేనైనా అదే అడుగుతాను!" అన్నారు. అంకుల్ చదవడం ఆపి ఆయన్నే చూస్తూ కూర్చున్నారు. రచయిత మాత్రం ఆత్రంగా, "తర్వాత? తర్వాత ఏమైంది?" అన్నారు.

వచ్చేటప్పుడు అంకుల్ తన కాపీని ఆయనకే ఇచ్చేశారు. రచయిత దాన్ని తీసుకుని, "దీనికి బదులు మీకేం కావాలి?" అని అనుమానంగా చూశారు. ఏమీ వద్దంటే ఆయనకు ఇంకా అనుమానం వచ్చింది. చివరికి తన కొత్త సీరియల్ పుస్తకం ఒకటి నాన్న చేతిలో పెట్టాకే మమ్మల్ని కదలనిచ్చారు. నన్ను ఉప్పల్ బస్సెక్కించి వాళ్లిద్దరూ స్కూటర్ మీద వెళ్లారు. నేను ఇల్లు చేరాక చాలాసేపటికి గానీ వాళ్లు రాలేదు. ఎక్కడికి వెళ్లారో ఇద్దరూ చెప్పలేదు. ఒకరికొకరు క్షమాపణ చెప్పుకున్నారని మాత్రం నేను అనుకోను.

ఆ సాయంత్రం నాన్న, "మన మనసు నొచ్చుకుంటుందని ఆ రాసినాయన అలా చెప్పాడేమో. అచ్చులో సంవత్సరాలు తప్పు పడడం మామూలే" అన్నారు. అమ్మ ఆయన ముందున్న కంచం లాగేసింది. మర్నాడు పొద్దున గేటు దగ్గర హారన్ మోగేసరికి ఆయన చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉన్నారు.

షాపు అక్క లెక్క మిగిలింది. అంకుల్ ఆమె ముందుకు వెళ్లడానికి భయపడ్డారు. "నువ్వు నవ్వుతూ చెప్తావు, అందుకే నిన్ను ఎవరూ నమ్మరు. నేను చెప్తాను" అని నాన్న బయల్దేరారు. మా చిరిగిన కాపీ, రచయిత ఇచ్చిన కొత్త పుస్తకం పట్టుకుని. నేనూ వెంట వెళ్లాను. నాన్న జరిగిందంతా వరసగా, ఒక్క ముక్క వదలకుండా చెప్పారు. రెండో కాపీ రాసినాయన దగ్గరే ఉందని, ఆయన దగ్గర తన పుస్తకమే లేదని, బదులుగా ఇది ఇచ్చారని.

అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని విన్నది.

"గంత పెద్ద రైటరు ఇంట్ల ఆయిన బుక్కే లేదా? నాకు చెవుల పువ్వులు పెడుతున్నవా సారూ? పోగొట్టినమని చెప్పరాదు?"

"అబద్ధం చెప్పాల్సిన అవసరం నాకేమిటమ్మా? కావాలంటే మా అమ్మాయిని అడుగు."

"మీ బిడ్డ మీ దిక్కే మాట్లాడుతది గద."

నాన్న చెప్పింది ఎవరైనా కాదనడం చూశాను కానీ, నిజం చెబుతూ అలా నీళ్లు నమలడం నేనెప్పుడూ చూడలేదు. అక్క కొత్త పుస్తకం అందుకుని వెంటనే అరలో పెట్టలేదు. మొదటి పేజీ చూసింది. చివరి పేజీ చూసింది. మధ్యలో అక్కడక్కడా వేలితో విప్పి పేజీ అంకెలు కలుస్తున్నాయో లేదో చూసింది. అట్ట గట్టిగా గుంజి చూసింది. నాన్న అదంతా గమనిస్తూ నిలబడ్డారు.

పిండిమర దాటాక, ఆయన తిట్టుకుంటున్నారేమోనని మొహంలోకి చూశాను.

"జాగ్రత్త గల మనిషి" అన్నారు. "పుస్తకాలు ఇక అక్కడే తెచ్చుకో."